పొడి కళ్ళకు ‘లేజర్’ వైద్యం: రెప్పల మీద మెరిసేది ఏ వెలుగు?

కళ్ళు మండుతున్నాయి, ఇసుక పడినట్టు గరగరలాడుతున్నాయి, ఏ కారణమూ లేకుండా నీళ్ళు కారుతున్నాయి. ఈ బాధలతో కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే పరీక్షలు చేసి "మీ కళ్ళు పొడిబారాయి" అంటారు. నీళ్ళు కారే కంటిని చూసి పొడిబారిందంటారేమిటని అనుమానం రావడం సహజమే. చుక్కల మందు రాయించుకుని ఇంటికొస్తాం. నెలలు గడిచినా మంట తగ్గకపోతే, ఈమధ్య పెద్ద ఊళ్ళలోని కంటి ఆసుపత్రుల్లో ఇంకో మాట వినిపిస్తోంది: "దీనికి లేజర్ చేయించుకోవచ్చు, నాలుగు సిట్టింగులు."

లేజర్ అనగానే చాలామందికి కళ్ళద్దాలు తీసేయడానికి చేసే లాసిక్ గుర్తొస్తుంది. ఇది అది కాదు. లాసిక్‌లో కాంతి పడేది కార్నియా మీద. ఈ చికిత్సలో కాంతి కంటిగుడ్డుకు తగలనే కూడదు. అది పడేది కంటి కింద, చెంప మీది చర్మం మీద. ఇంకో సంగతి కూడా ఉంది. మన ఊళ్ళలో లేజర్ పేరుతో చేస్తున్న ఈ చికిత్సలో ఎక్కువ భాగం అసలు లేజరే కాదు. పేరు పట్టుకుని వాదించడం భౌతికశాస్త్రం చదివినవాళ్ళ చాదస్తం అనిపించవచ్చు. కానీ ఆ కాంతి ఏ రకానిదన్న దాన్ని బట్టే అది ఎవరికి పనికొస్తుంది, ఎవరి చర్మాన్ని కాలుస్తుంది అనేది తేలుతుంది. చామనఛాయ, నలుపు రంగు చర్మం ఉన్న మనకు ఇది తెలిసి ఉండాల్సిన విషయం.

రెప్ప అంచున నూనె గానుగలు

అద్దం ముందు నిలబడి కింది రెప్పను కొంచెం బయటికి లాగి చూడండి. వెంట్రుకల వరసకు లోపలి వైపున, సూదిమొనతో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలు బారుగా కనిపిస్తాయి. అవి నూనె గ్రంథుల నోళ్ళు. పై రెప్పలో సుమారు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. 1666లో వీటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరుతో వీటిని మైబోమియన్ గ్రంథులు అంటున్నాం. రెప్ప లోపల నిలువుగా, దువ్వెన పళ్ళలా పక్కపక్కనే ఉంటాయి. మనం రెప్ప వేసిన ప్రతిసారీ రెప్పలోని కండరం వీటిని కొద్దిగా పిండుతుంది. గానుగలోంచి కారినట్టు ఒక్క పిసరు నూనె బయటికొస్తుంది. రెప్ప తెరుచుకునేటప్పుడు ఆ నూనె కన్నీటి మీద పరుచుకుంటుంది.

కంటి మీది కన్నీటి పొర మొత్తం మందం మూడు మైక్రోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేదు. దాని మీద తేలే నూనె పొర ఇంకా పలచన. సగటున 40 నానోమీటర్లు అనుకోవచ్చు. ఇంత సన్నని పొరను కొలవడం ఎలాగంటే, కొలిచేది రంగులతోనే. వాన వెలిశాక పెట్రోలు బంకు ముందు నీటి మడుగులో ఇంద్రధనుస్సు రంగులు తేలుతుంటాయి గుర్తుందా? నూనె పొర పైతలం నుంచి, అడుగుతలం నుంచి వెనక్కి వచ్చే రెండు కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు, పొర మందాన్ని బట్టి కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. కంటి మీద కూడా అంతే. పొర బాగా పలచగా ఉంటే బూడిదరంగు మెరుపు మాత్రమే కనిపిస్తుంది. మందం పెరిగేకొద్దీ పసుపు, గోధుమ, నీలం ఛాయలు వస్తాయి. కొన్ని ఆసుపత్రుల్లో ఉండే యంత్రాలు ఈ రంగులను చదివి పొర మందాన్ని నానోమీటర్లలో చెబుతాయి.

ఈ నూనె పొర పని కన్నీరు ఆవిరి కాకుండా కాపాడడం. నూనె పొర బొత్తిగా లేని కళ్ళలో కన్నీరు ఆవిరయ్యే వేగం దాదాపు నాలుగు రెట్లు ఉందని 1997లో క్రెయిగ్, టామ్లిన్సన్ అనే పరిశోధకులు కొలిచి చెప్పారు. నీరు ఆవిరైపోతే ఉప్పు మిగులుతుంది. చినగంజాం ఉప్పుమడుల్లో సముద్రపు నీటికి ఎండలో జరిగేదే, చిన్న ఎత్తున, కంటి మీద జరుగుతుంది. చిక్కబడిన ఉప్పదనం కంటి ఉపరితల కణాలను గాయపరుస్తుంది. గాయం వాపును పుట్టిస్తుంది. మంట తెలియగానే పెద్ద కన్నీటి గ్రంథి కంగారుగా నీళ్ళు వదులుతుంది. ఉల్లిపాయ తరిగేటప్పుడు వచ్చే నీళ్ళలాంటివే ఇవి. పైన నూనె కప్పు లేక ఇవి కంటిని కాపాడలేవు. కొంత చెంపల మీదికి జారిపోతుంది, మిగిలింది త్వరగానే ఆవిరైపోతుంది. నీళ్ళు కారే పొడి కన్ను రహస్యం ఇంతే.

2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏ రకమో తేల్చగలిగిన పొడికంటి రోగుల్లో 86 శాతం మందికి ఈ నూనె గ్రంథుల లోపం ఉన్నట్టు తేలింది. కొందరికి అదొక్కటే, మరికొందరికి నీటి కొరతతో కలిసి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 14 లక్షలకు పైగా కొత్త రోగుల ఎలక్ట్రానిక్ రికార్డులను జల్లెడ పట్టి 2019లో ప్రచురించిన పరిశీలనలో 21 వేల మందికి పైగా పొడి కళ్ళు ఉన్నాయి. పట్నవాసులకు, తెర ముందు ఎక్కువసేపు పనిచేసేవారికి ముప్పు ఎక్కువగా కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేసే మనిషి, కంప్యూటరు ముందు కూర్చుంటే అందులో సగం కూడా వేయడు. వేసినా సగం సగమే మూస్తాడు. గానుగ తిరగకపోతే నూనె రాదు.

చలికాలపు కొబ్బరినూనె

డిసెంబరు ఉదయాల్లో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది. కాసేపు ఎండలో పెడితేనో, పొయ్యి పక్కన ఉంచితేనో కరుగుతుంది. దాని ద్రవీభవన ఉష్ణోగ్రత 24, 25 డిగ్రీల దగ్గర ఉండడమే కారణం. రెప్పల్లోని నూనె కథ కూడా ఇలాంటిదే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది రెప్పల వెచ్చదనానికే, అంటే 30 డిగ్రీల పైచిలుకు దగ్గర, పలచగా ఉంటుంది. గ్రంథి పాడైనప్పుడు ఆ నూనెలోని కొవ్వుల కూర్పు మారి, కరగడానికి మరికొన్ని డిగ్రీలు ఎక్కువ అవసరమవుతాయి. రెప్పలో ఆ వేడి ఉండదు. నూనె చిక్కబడుతుంది. డాక్టరు రెప్పను వేలితో నొక్కి చూసినప్పుడు స్వచ్ఛమైన నూనె చుక్క రావాల్సిన చోట టూత్‌పేస్టులాంటి ముద్ద బయటికొస్తుంది. కొన్ని నోళ్ళు పూర్తిగా మూసుకుపోతాయి. లోపల ఒత్తిడి పెరిగి, ఏళ్ళ తరబడి అలాగే ఉంటే గ్రంథి కుంచించుకుని మాయమైపోతుంది.

మాయమైన సంగతి కంటికి కనిపించదు. రెప్పను తిరగేసి ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో ఫోటో తీస్తే కనిపిస్తుంది. రెప్పను తాకకుండా ఇలా ఫోటో తీసే పద్ధతిని జపాన్ వైద్యురాలు రెయికో అరితా 2008లో పరిచయం చేశారు. ఆరోగ్యమైన రెప్ప ఫోటోలో గ్రంథులు తెల్లని గీతల్లా బారులు తీరి ఉంటాయి. పాడైన రెప్ప పళ్ళూడిన దువ్వెనలా కనిపిస్తుంది. ఊడిన పన్ను మళ్ళీ మొలుస్తుందని ఇంతవరకు ఏ చికిత్స గురించీ గట్టిగా చెప్పలేం. కాంతి చికిత్స అయినా మిగిలి ఉన్న గ్రంథులతోనే పని చేయించాలి. కాబట్టి ఆ ఫోటో తీయకుండానే సిట్టింగుల లెక్క చెప్పేవారి దగ్గర కాస్త ఆగడం మంచిది.

చర్మం కోసం పెట్టిన దీపం

ఈ చికిత్స కంటి కోసం పుట్టలేదు. రోసేషియా అనే చర్మవ్యాధిలో బుగ్గల మీద, ముక్కు మీద సన్నని రక్తనాళాలు ఉబ్బి ముఖం ఎర్రబడుతుంది. ఆ నాళాలను మూసేయడానికి చర్మవైద్యులు తీవ్రమైన కాంతిని వాడతారు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రానికి చెందిన కంటి వైద్యుడు రొలాండో టోయోస్ 2000 దశకం తొలి ఏళ్ళలో ఒక విషయం గమనించారు. ముఖానికి ఈ చికిత్స చేయించుకున్న రోసేషియా రోగులు తమ కళ్ళు కూడా హాయిగా ఉన్నాయని చెబుతున్నారు. రోసేషియా ఉన్నవారిలో నూనె గ్రంథుల జబ్బు మామూలే. రెండిటికీ సంబంధం ఉందేమోనని ఆయన దాన్ని పొడి కళ్ళ మీద ప్రయత్నించారు.

ఆ కాంతి పేరు ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్, పొట్టిగా ఐపీఎల్. క్రికెట్ అభిమానులు క్షమించాలి, పేరు ఇదే. దీని లోపల ఉండేది జినాన్ వాయువు నింపిన దీపం. ఫోటోగ్రాఫర్ల కెమెరా ఫ్లాష్‌కు అన్నలాంటిది. లేజర్ నుంచి వచ్చేది ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి. శ్రుతిపెట్టెలోంచి వచ్చే ఒక్క స్వరం అనుకోండి. జినాన్ దీపం కాంతి తిరునాళ్ళ రొదలాంటిది. ఊదా నుంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దాకా అన్నీ అందులో కలగలిసి ఉంటాయి. ముందు ఒక ఫిల్టర్ పెట్టి ఆ రొదలోంచి కీచుగొంతులను, అంటే పొట్టి తరంగదైర్ఘ్యాల ఊదా, నీలం కాంతిని తీసేస్తారు. ఎక్కువగా 500 నానోమీటర్ల పైన ఎక్కడో మొదలుపెట్టి 1200 దాకా బయటికి వదులుతారు. పొడి కళ్ళకు 590 నానోమీటర్ల దగ్గర కోసే ఫిల్టర్ వాడడం ఎక్కువ.

ఆ మెరుపులో ఎంత శక్తి ఉంటుంది? చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 16 జౌళ్ళ దాకా వాడతారు. 12 అనుకుందాం. అది 1 గ్రాము నీటిని 3 డిగ్రీలు కూడా వేడి చేయలేదు. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతల ఎండలో నిలబడితే అదే చదరపు సెంటీమీటరు చర్మం మీద రెండు నిమిషాల్లో దాదాపు అంతే శక్తి పడుతుంది. రెండు నిమిషాల ఎండకు ఎవరి చర్మమూ కాలదు. మరి దీని గొప్పతనమేమిటంటే, ఆ రెండు నిమిషాల ఎండను ఇది సెకనులో పదో వంతు కంటే తక్కువ సమయంలో పోసేస్తుంది. రెప్పపాటు కంటే ముందే పని అయిపోతుంది.

వేగం ఎందుకు అవసరమో 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ‘సైన్స్’ పత్రికలో వివరించారు. గ్లాసులో టీ ఇట్టే చల్లారుతుంది, గంగాళంలో నీళ్ళు గంటసేపు వేడిగా ఉంటాయి. చర్మంలోనూ చిన్న వస్తువు త్వరగా చల్లారుతుంది, పెద్దది మెల్లగా. చల్లారే సమయం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 10 మైక్రోమీటర్ల కేశనాళికకు అది సెకనులో లక్షో వంతుల్లో, 100 మైక్రోమీటర్ల ఉబ్బిన రక్తనాళానికి సుమారు 5, 6 మిల్లీసెకన్లలో ఉంటుంది. కాంతి పడే సమయాన్ని ఆ నాళం చల్లారే సమయానికి దగ్గరగా పెడితే, వేడి చుట్టుపక్కలకు పాకేలోపే నాళం లోపల రక్తం గడ్డకడుతుంది. పక్కనున్న కణజాలానికి పెద్దగా తెలియదు. దీనికి ఇంకో షరతు ఉంది. ఆ కాంతిని నాళం పీల్చుకోవాలి, చుట్టుపక్కలవి పీల్చుకోకూడదు. రక్తంలోని హిమోగ్లోబిన్ 540, 577 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీలుస్తుంది, 600 దాటాక ఆ పీల్పు తగ్గుతూ పోతుంది. అందుకే ఈ దీపం ఎర్రబడిన నాళాలను వెతుక్కుని పట్టుకోగలుగుతుంది.

పాడైన రెప్పల అంచున కూడా ఇలాంటి ఉబ్బిన సన్నని నాళాలుంటాయి. వాపును పెంచే రసాయనాలు వాటిగుండా గ్రంథులకు చేరుతుంటాయి. ఆ దారి మూసుకుపోతే గ్రంథి చుట్టూ వాపు తగ్గుతుందన్నది ఒక వివరణ. చర్మం వేడెక్కి చిక్కని నూనె కొంత మెత్తబడుతుందన్నది ఇంకొకటి. రెప్పవెంట్రుకల మొదళ్ళలో డెమోడెక్స్ అనే పురుగు కాపురముంటుంది. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు, జాతిరీత్యా మన మిరపతోటలకు పట్టే నల్లికి దూరపు చుట్టం. దాన్ని కూడా ఈ వేడి తగ్గిస్తుందంటారు. కణాల్లోని మైటోకాండ్రియా ఎరుపు కాంతిని పీల్చుకుని చురుకవుతాయన్న వాదన నాలుగోది. వీటిలో ఏది ఎంత పని చేస్తోందో విడదీసి చెప్పే ప్రయోగాలు తక్కువ. నా మట్టుకు నాకు మొదటి రెండూ ఎక్కువ నమ్మదగ్గవిగా అనిపిస్తాయి.

సిట్టింగు అంటే

కంటి మీద కాంతి దూరని లోహపు కప్పులో, ముదురు అద్దాలో పెడతారు. చర్మానికి చల్లని జెల్ పూస్తారు. ఒక చెవి ముందు నుంచి చెంపలు, ముక్కు మీదుగా రెండో చెవి దాకా, పక్కకు పది పదిహేను మెరుపుల చొప్పున ఇస్తారు. రబ్బరుబ్యాండుతో చిన్నగా కొట్టినట్టు చురుక్కుమంటుంది. తర్వాత, కాంతి కంటే తక్కువేమీ కాని పని ఒకటి ఉంది. కంటికి మత్తుచుక్కలు వేసి, ప్రత్యేకమైన పటకారుతో రెప్పలను నొక్కి, గ్రంథుల్లో పేరుకున్న ముద్దను బయటికి పిండేస్తారు. రెండు మూడు వారాలకోసారి చొప్పున నాలుగు సార్లు చేస్తారు. మేలు చేసినా అది శాశ్వతం కాదు. కొన్ని నెలల తర్వాత, ఏడాదికోసారో రెండుసార్లో మళ్ళీ చేయించుకోవాల్సి రావచ్చు.

కంటి కప్పు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. 400 నుంచి 1400 నానోమీటర్ల దాకా ఉన్న కాంతిని మన కంటిలోని కటకం రెటీనా మీద కేంద్రీకరిస్తుంది. పైగా కనుపాపలోని ముదురు రంగు పదార్థం ఆ కాంతిని దండిగా పీల్చుకుంటుంది. సౌందర్య చికిత్సల్లో కప్పు తీసేసి కంటికి మరీ దగ్గరగా ఈ మెరుపులిచ్చినప్పుడు కనుపాప దెబ్బతిన్న, కంటి లోపల వాపు వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అందుకే ఈ పని కంటి వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. బ్యూటీపార్లరులో రోమాలు తీసే యంత్రం కూడా ఈ కుటుంబానిదే అయినా, దానితో కంటి దగ్గర ప్రయోగాలు వద్దు.

మన చర్మం సంగతి

కాంతిని పీల్చుకునేది రక్తం ఒక్కటే కాదు. చర్మం పైపొరలోని మెలనిన్ కూడా పీల్చుకుంటుంది. హిమోగ్లోబిన్‌లా కొన్ని రంగులనే ఎంచుకోదు. పొట్టి తరంగదైర్ఘ్యాలను ఎక్కువగా, పొడవైన వాటిని తక్కువగా, మొత్తం మీద అన్నిటినీ పీలుస్తుంది. తెల్లని చర్మం మీద ఈ మెరుపు మెలనిన్‌ను దాటుకుని లోపలి నాళాలను చేరుతుంది. నల్లని చర్మం మీద చాలా భాగం పైపొరలోనే ఆగి అక్కడే వేడిగా మారుతుంది. ఫలితం బొబ్బలు, కాలిన మచ్చలు, నెలల తరబడి పోని నల్లమచ్చలు. కొన్నిసార్లు తెల్లమచ్చలు కూడా. ముఖం మీద, సరిగ్గా కంటి కింద.

చర్మవైద్యులు చర్మాన్ని రంగును బట్టి, ఎండకు అది స్పందించే తీరును బట్టి ఆరు రకాలుగా విభజిస్తారు. హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో రూపొందించిన కొలబద్ద ఇది. మొదట్లో తెల్లవారి చర్మం కోసమే చేశారు. ముదురు రంగుల రకాలను తర్వాత చేర్చారు. దక్షిణాది వాళ్ళలో 4, 5 రకాలు ఎక్కువ, 6 కూడా ఉంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లో పొడి కళ్ళ కోసం మొదటి ఐపీఎల్ యంత్రాన్ని అనుమతించినప్పుడు రాసిన షరతులు చదివితే మన పరిస్థితి అర్థమవుతుంది. 22 ఏళ్ళు నిండినవారికి, ఒక మాదిరి నుంచి తీవ్రమైన లోపం ఉన్నవారికి, 1 నుంచి 4 రకాల చర్మం ఉన్నవారికి మాత్రమే. అదీ వేడి కాపడం, కన్నీటి చుక్కలు, రెప్పలు పిండడం వంటి వాటికి తోడుగా, వాటికి బదులుగా కాదు. 5, 6 రకాల చర్మం ఆ అనుమతిలో లేదు.

అంటే మనలో చాలామంది ఆ గీత మీదో, గీత దాటో ఉన్నాం. ముదురు చర్మానికి చేసే వైద్యులు శక్తి తగ్గిస్తారు, మరింత పొడవైన తరంగదైర్ఘ్యం దగ్గర కోసే ఫిల్టర్ పెడతారు, ఒక్క మెరుపును రెండు మూడు ముక్కలు చేసి మధ్యలో చర్మానికి చల్లారే వ్యవధి ఇస్తారు. ఇవన్నీ ప్రమాదాన్ని తగ్గించేవే. కానీ శక్తి తగ్గితే లోపలి నాళానికి చేరేదీ తగ్గుతుందన్న లెక్కను ఎవరూ తప్పించలేరు.

ఇక్కడే అసలైన లేజర్ ప్రస్తావన వస్తుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్‌ను మెలనిన్ బాగా తక్కువగా పీలుస్తుంది. నల్లని చర్మం మీద రోమాలు తీయడానికి చర్మవైద్యులు దాన్ని ఇష్టపడేది ఇందుకే. పొడి కళ్ళకూ దాన్ని ప్రయత్నించినవారున్నారు. అయితే ఐపీఎల్ మీద జరిగినన్ని పరీక్షలు దాని మీద జరగలేదు. పైగా ఆ కాంతి కంటికి కనిపించదు, రెటీనా దాకా సాఫీగా వెళ్ళిపోతుంది. కాబట్టి కంటి కప్పు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఎర్రని ఎల్‌ఈడీ ముసుగులు ఇంకో రకం. వాటిలో శక్తి తక్కువ, చర్మం రంగుతో పెద్దగా పేచీ లేదు. వాటిని కూడా లేజర్ అనేవాళ్ళున్నారు. అవి లేజర్ కాదు, ఐపీఎల్ కూడా కాదు. రెప్ప లోపలి వైపు నుంచి 42.5 డిగ్రీల వేడితో 12 నిమిషాలు కాచి, బయటి నుంచి పిండే లిపిఫ్లో యంత్రంలోనైతే కాంతే లేదు. అది విద్యుత్తుతో ఇచ్చే కాపడం.

ఎంత పని చేస్తుంది?

పొడి కళ్ళ విషయంలో మనసు చేసే మాయ పెద్దది. 2018లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ఒక పరీక్షలో 535 మందిని రెండు జట్లు చేసి ఒకరికి చేపనూనె గుళికలు, ఇంకొకరికి ఉత్తుత్తి మందుగా ఆలివ్ నూనె గుళికలు ఏడాదిపాటు ఇచ్చారు. రెండు జట్లకూ బాధ బాగానే తగ్గింది. చేపనూనెకు ప్రత్యేకమైన లాభమేమీ కనిపించలేదు. అందుకే పొడి కళ్ళకు ఏదైనా పనిచేసిందంటే, ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూశారా అని మొదట అడగాలి.

ఐపీఎల్ మీద అలాంటి తొలి పరీక్షల్లో ఒకటి 2015లో న్యూజిలాండ్‌లో జెనిఫర్ క్రెయిగ్ బృందం చేసింది. 1997 కొలతల్లో మనం చూసిన క్రెయిగ్ ఈమే. 28 మందికి ఒక కంటికి నిజమైన మెరుపు, రెండో కంటికి ఉత్తుత్తి మెరుపు ఇచ్చారు. నిజమైన మెరుపు పడిన కంట్లో నూనె పొర మెరుగైంది. 2020లో కొక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నిటినీ జల్లెడ పడితే తమ ప్రమాణాలకు తగినవి మూడే దొరికాయి. మూడిట్లో కలిపి 114 మంది. దీన్ని బట్టి ఐపీఎల్ పని చేస్తుందనీ చెయ్యదనీ నిశ్చయంగా చెప్పలేమని వాళ్ళు తేల్చారు.

ఆ తర్వాత 2022లో అమెరికాలో టోయోస్, సహచరులు 82 మందితో చేసిన పరీక్ష వెలువడింది. ఇందులో రెండు జట్లకూ రెప్పలు పిండారు. తేడా మెరుపులోనే, ఒక జట్టుకు అసలుది, ఇంకో జట్టుకు ఉత్తుత్తిది. రెప్ప తెరిచాక కన్నీటి పొర చెదరకుండా ఎన్ని సెకన్లు నిలుస్తుందో కొలిచారు. మంచి కంట్లో అది 10 సెకన్లకు తగ్గదు. ఐపీఎల్ జట్టులో అది సుమారు 4 సెకన్ల నుంచి 6కు పెరిగింది. ఉత్తుత్తి జట్టులో 4 దగ్గర నుంచి నాలుగున్నర దాకా వచ్చింది. తేడా నిజమైనదే. కానీ 6 సెకన్లు 10 కాదన్నది గమనించాలి. ఆ పరీక్షకు డబ్బు పెట్టింది యంత్రం తయారుచేసిన సంస్థ అన్నదీ మనసులో పెట్టుకోవాలి. ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: మామూలు చికిత్స కొన్ని నెలలు శ్రద్ధగా చేసినా లొంగని, గ్రంథులు ఇంకా మిగిలి ఉన్న, రెప్పల అంచున ఎర్రనాళాలు కనిపించే, చర్మం రంగు మరీ ముదురు కాని వ్యక్తికి ఇది వేల రూపాయలు ఖర్చుపెట్టదగ్గ చికిత్సే. తెర చూసి కళ్ళు అలసిన ప్రతివారికీ కాదు.

ఆ మామూలు చికిత్స గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని సరిగ్గా చేసేవారు తక్కువ. వేడి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ మూసిన రెప్పల మీద పెడితే రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. నూనె కరగాలంటే రెప్ప లోపలికి 40 డిగ్రీల వేడి చేరి, కనీసం ఐదు నిమిషాలైనా నిలవాలి. అందుకే గుడ్డను మార్చి మార్చి పెట్టాలి, లేదా వేడిని నిలుపుకునే గింజల సంచీలాంటి కంటిముసుగు వాడాలి. మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకుని, ఓర్చుకోగలిగితేనే కంటి మీద పెట్టుకోవాలి. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపు వేలితో మెల్లగా నిమరాలి. గట్టిగా రుద్దితే వేడెక్కిన కార్నియా ఆకారం కాసేపు మారి చూపు మసకబారుతుంది. రోజుకు రెండుసార్లు, వారాల తరబడి చేయాల్సిన పని ఇది. ఎవరి చర్మం రంగుతోనూ దీనికి పేచీ లేదు.

కాంతి చికిత్సకే వెళ్ళదలిస్తే, డాక్టరుకు ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గర్భం, ల్యూపస్ జబ్బు, ముఖం మీద మంగు, ఈమధ్య ఎండలో బాగా తిరిగి ఉండడం. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. ఆ మందే నూనె గ్రంథులను ఎండబెడుతుంది కూడా. చాలామంది మరిచిపోయేది డాక్సీసైక్లిన్. రెప్పల వాపుకు కంటి డాక్టర్లే రాసే ఈ మాత్ర చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తుంది. ఇక ముఖమంతా మొదలుపెట్టే ముందు, చెవి దగ్గర చిన్న బిళ్ళంత చోట తక్కువ శక్తితో ఒక్క మెరుపు ఇచ్చి, ఒకటి రెండు రోజులు ఆగి, అక్కడ బొబ్బ గానీ మచ్చ గానీ లేచిందేమో చూడమని అడగండి. దానికి ఒప్పుకోని చోట సిట్టింగు వేయించుకోవద్దు.